చదువు - కొలువు: వైద్యం నుంచి మేనేజ్‌మెంట్ కన్సల్టింగుకు

కిందటి సంచికలో బ్యాంకు ఉద్యోగాల పరీక్షల గురించి రాసిన తర్వాత ఈ శీర్షికకు మూడు ఫోన్లు వచ్చాయి. ఒకటి బరంపురం నుంచి, ఒకటి హోసూరు నుంచి, ఒకటి హుబ్బళ్లి నుంచి. చిత్రమేమిటంటే మూడింటిలో ఒక్కటీ బ్యాంకు గురించి కాదు. ముగ్గురి ఇళ్లలోనూ ఎంబీబీఎస్ పూర్తి చేసిన పిల్లలున్నారు. ముగ్గురూ వైద్యం వదిలి మేనేజ్‌మెంట్ కన్సల్టింగులోకి వెళ్తామంటున్నారు. "ఆ ఉద్యోగమేమిటో మాకు తెలియదు. రెజ్యూమె చూసి పిలుస్తారట. అది ఎలా ఉండాలో కాస్త రాయండి" అని అడిగారు. అడిగినవారి గొంతులో ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నంత దిగులు వినిపించింది.

ఆ దిగులు అర్థంకానిది కాదు. మన రాష్ట్రం కాని రాష్ట్రంలో, మన భాష కాని భాషలో పోటీపడి, పిల్లలకు మెడికల్ సీటు సంపాదించడమంటే సామాన్యం కాదు. నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది హౌస్‌సర్జన్సీ, అంతకు ముందు కోచింగు, తర్వాత పీజీ సీటు కోసం మళ్లీ పోటీ. ఇంత చేశాక పిల్ల వచ్చి "నేను ఆస్పత్రిలో ఉండను" అంటే ఏ తల్లిదండ్రులకైనా కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది.

నేను డాక్టరును కాను, కన్సల్టెంటునూ కాను. బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ని. అయితే వ్యాపార రుణాల దరఖాస్తులు చదివి, ఇవ్వవచ్చో లేదో సిఫారసు రాసే పని చాలా ఏళ్లు చేశాను. కాగితం చూసి, ఎన్నడూ చూడని మనిషిని అంచనా వేయవలసిన పని అది. రెజ్యూమె చదివేవారి పనీ ఇంచుమించు అదే. ఆ అనుభవంతోనూ, మా మిత్రుల పిల్లలు ఇద్దరు ఈ దారిలో నడిచినప్పుడు దగ్గరుండి చూసినదానితోనూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ వృత్తి ఏమిటి? డాక్టర్లతో ఏం పని?

సంస్థలకు సలహా చెప్పడమే మేనేజ్‌మెంట్ కన్సల్టింగు. మంచాలన్నీ నిండి ఉన్నా ఆస్పత్రికి నష్టం ఎందుకు వస్తోంది? కొత్త మందు ఏ ఊళ్లలో ముందు అమ్మాలి? రెండు కంపెనీలు కలిస్తే లాభమా, నష్టమా? ఇలాంటి ప్రశ్నలకు బయటివారిని పిలిచి సలహా అడుగుతారు. వాళ్లు కొన్ని వారాలో నెలలో అక్కడ ఉండి, లెక్కలు చూసి, మనుషులతో మాట్లాడి, ఏం చేయాలో చెబుతారు. ఈ రంగంలో పేరున్న మెకిన్సీని 1926లో చికాగోలో స్థాపించిన జేమ్స్ మెకిన్సీ అకౌంటింగు ప్రొఫెసరు. కామర్సు చదివిన నాలాంటివారికి అదొక చిన్న గర్వం. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1963లో, బెయిన్ 1973లో వచ్చాయి. ఇవికాక మందుల కంపెనీలకు, ఆస్పత్రులకు మాత్రమే సలహాలిచ్చే సంస్థలు వేరే ఉన్నాయి.

అమెరికాలో పెద్ద సంస్థలు వైద్య పట్టా, పీహెచ్‌డీ, న్యాయశాస్త్ర పట్టా ఉన్నవారిని నేరుగా తీసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మన దేశంలో ఎక్కువమంది డాక్టర్లు ఎంబీఏ చేసి ఆ కాలేజీ నుంచి వెళ్తారు. వైద్యరంగానికే పరిమితమైన సంస్థల్లో ఎంబీబీఎస్‌తో నేరుగా చేరేవారూ ఉన్నారు.

డాక్టర్ల అవసరం అక్కడ నిజంగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. దేశమంతటికీ 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా. ఇలాంటి పథకాల్లో ఒక్కొక్క చికిత్సకు ఇంత అని ప్యాకేజీ ధర కడతారు. ఆ ధర కట్టాలంటే ఆపరేషన్ థియేటర్లో ఏం జరుగుతుందో తెలియాలి, కూడికలు తీసివేతలూ తెలియాలి. రెండూ తెలిసినవారు తక్కువ. ఆ తక్కువమందిలో తానొకణ్నని చూపించడమే డాక్టరు రెజ్యూమె చేయవలసిన పని.

చదివేవారు వెతికేది

రుణం దరఖాస్తు నా బల్ల మీదికి వస్తే నేను మూడు విషయాలు చూసేవాణ్ని. ఈ మనిషి ఇంతవరకు ఏం చేసి చూపించాడు? దానికి ఆధారమేమిటి? అడుగుతున్న కొత్త పనికి ఆ పాత అనుభవం ఎలా పనికొస్తుంది? దరఖాస్తు ఎంత లావుగా ఉన్నా ఈ మూడూ లేకపోతే పక్కన పెట్టేవాణ్ని. కన్సల్టింగు సంస్థలో కూర్చున్నవారి ముందు వందల రెజ్యూమెలుంటాయి. ఒక్కొక్కదానికి వాళ్లిచ్చే సమయం చాలా తక్కువ. ఆ కొద్దిసేపట్లోనే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరకాలి.

హుబ్బళ్లిలో ఉన్న మా మిత్రుడు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. వారమ్మాయి ఎంబీబీఎస్ తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రెండేళ్లు డ్యూటీ డాక్టరుగా పనిచేసింది. కన్సల్టింగులోకి వెళ్లాలనుకున్నప్పుడు తన బయోడేటా నాకు చూపించింది. నాలుగు పేజీలు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, పదో తరగతి మార్కులు, ఎంబీబీఎస్‌లో ప్రతి సబ్జెక్టులో మార్కులు, హాజరైన సదస్సులన్నీ ఉన్నాయి. గోత్రం ఒక్కటే తక్కువ! పెళ్లి సంబంధాలకు ఇచ్చే బయోడేటాకూ దీనికీ తేడా లేదు. ఇన్ని వివరాలున్నా, రెండేళ్లు రాత్రింబవళ్లు ఆ పిల్ల చేసిన పని గురించి మాత్రం ఒకే ఒక వాక్యం ఉంది: "డ్యూటీ మెడికల్ ఆఫీసరుగా రోగులను పరీక్షించడం, చికిత్స చేయడం, కేసు షీట్లు రాయడం."

డాక్టర్ల రెజ్యూమెల్లో సాధారణంగా ఉండే లోపం ఇదే. వైద్యరంగంలో పట్టా మాట్లాడుతుంది. ఎండీ అని ఉంటే చాలు, ఏం చేయగలరో ఎదుటివారికి తెలిసిపోతుంది. కన్సల్టింగులో పట్టా తలుపు దాకా తీసుకెళ్తుంది, లోపలికి పిలిచేది చేసిన పని. అందుచేత నాలుగు పేజీలు ఒక పేజీ కావాలి. అందులో సగానికి పైగా చేసిన పనే ఉండాలి.

చేసిన పనిని లెక్కతో చెప్పడం

రెజ్యూమె ఇంగ్లీషులోనే రాస్తారు, భావం మాత్రం తెలుగులో చెబుతున్నాను. ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి మామూలుగా అడిగాను. "రాత్రి డ్యూటీలో ఎంతమంది రోగులు వస్తారమ్మా?" "సుమారు నలభైమంది, బాబాయిగారూ." "నీతో ఎవరుంటారు?" "ఇద్దరు హౌస్‌సర్జన్లు, నలుగురు నర్సులు." "ముందెవరిని చూడాలో ఎవరు చెబుతారు?" "నేనే."

అక్కడ రెజ్యూమెలో మొదటి వాక్యం దొరికింది: "రాత్రికి సుమారు 40 మంది వచ్చే ఎమర్జెన్సీలో ఆరుగురు సిబ్బందిని నడిపిస్తూ, ఎవరికి ముందు చికిత్స అందాలో నిర్ణయించే బాధ్యత." చేసిన పని అదే, మనిషీ ఆ మనిషే. కాని ఈ వాక్యంలో నిర్ణయం ఉంది, మనుషులున్నారు, లెక్క ఉంది. వైద్యం తెలియనివారు చదివినా బోధపడుతుంది.

ఆ తర్వాత అడిగాను: "నీ వార్డులో నువ్వు రాకముందు ఒకలా ఉండి, నీవల్ల ఇంకోలా అయినదేమైనా ఉందా?" చాలాసేపు ఆలోచించి, "డిశ్చార్జీలు" అంది. పొద్దున్న రౌండ్లలో పెద్ద డాక్టరు ఇంటికి వెళ్లవచ్చని రాస్తారు. రోగి మంచం ఖాళీ చేసేసరికి సాయంత్రమవుతుంది. ఈ పిల్ల ఒక నోటు పుస్తకంలో ఆరు వారాలపాటు ప్రతి డిశ్చార్జికీ సమయం రాసుకుంది. మొత్తం 212 డిశ్చార్జీలు. డాక్టరు రాసినప్పటినుంచి మంచం ఖాళీ అయ్యేదాకా సగటున 6 గంటల 40 నిమిషాలు పడుతోందని తేలింది. కారణాలు మూడు. డిశ్చార్జి సమ్మరీని ఓపీ అయ్యాకగాని ఎవరూ రాయడం లేదు. మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగివెళ్తేగాని బిల్లు తేలడం లేదు. ఇన్సూరెన్సు కాగితాలు మధ్యాహ్నం దాకా కదలడం లేదు.

రేపు ఎవరెవరు ఇంటికి వెళ్లవచ్చో ముందురోజు సాయంత్రమే గుర్తుపెట్టి, రాత్రి డ్యూటీవారే సమ్మరీ చిత్తుప్రతి రాసి ఉంచేలా, మందుల లెక్క పొద్దున్నే ఫార్మసీకి పంపేలా సిస్టరుతోనూ, బిల్లింగువారితోనూ మాట్లాడి ఒప్పించింది. తర్వాతి ఆరు వారాల్లో సగటు 4 గంటల 20 నిమిషాలకు వచ్చింది. ఇది ఆమె రెజ్యూమెలో ఎక్కడా లేదు! "ఇదేం వైద్యం కాదు కదా, బాబాయిగారూ" అంది. వైద్యం కాదమ్మా, కన్సల్టింగంటే ఇదే అన్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పని విలువ తెలిశాక ఉత్సాహంతో "ఆస్పత్రి ఆదాయం పెంచాను" అని రాసింది. ఆ మాట కొట్టేయమన్నాను. రోజుకు సుమారు అయిదు డిశ్చార్జీలు, ఒక్కొక్కదానికి 2 గంటల 20 నిమిషాలు మిగిలితే రోజుకు 11 గంటల 40 నిమిషాలు, అంటే దాదాపు అర మంచం మిగిలినట్టు. కాని ఖాళీ అయిన మంచం తనంతట తాను ఆదాయం కాదు. అందులోకి ఇంకో రోగి వస్తేనే ఆదాయం. ఆ లెక్క ఆమె దగ్గర లేదు. లేనప్పుడు "రోజుకు అర మంచం ఖాళీ చేయగలిగాను" అని ఆగడమే మర్యాద. ఆ తర్వాత ఇంటర్వ్యూలో సరిగ్గా ఈ ప్రశ్నే అడిగారట: "ఆదాయం ఎంత పెరిగింది?" ఆమె ఈ తేడా వివరించి చెప్పిందట. గొప్ప చెప్పుకొన్న వాక్యం ఉండి ఉంటే అక్కడే చిక్కుకుపోయేది.

ముందెలా ఉండేది, ఏం చేశాం, తర్వాత ఎలా అయింది, ఈ మూడు అంచెల్లో చెప్పడం వైద్యరంగానికి కొత్తేమీ కాదు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు 19 అంశాల తనిఖీ పట్టిక తెచ్చింది. ఆ పనికి ముందుండి నడిపినవారు డాక్టర్ అతుల్ గవాండే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషను తర్వాతి చిక్కులు నూటికి 11 నుంచి 7కు, మరణాలు 1.5 నుంచి 0.8కి తగ్గాయి. రెజ్యూమెలో రాయవలసిన వాక్యానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. మన పిల్లల పని అంత పెద్దది కానక్కరలేదు, ఆ పద్ధతిలో చెప్పగలిగితే చాలు.

లేనిదాన్ని సంపాదించుకోవడం

ఉన్నదాన్ని బాగా చెప్పడం సగం పని. డాక్టర్ల దగ్గర నిజంగా లేనిది ఒకటుంది, అది డబ్బు లెక్క. అయిదున్నరేళ్లలో వారికి ఎవరూ బ్యాలెన్సుషీటు చూపించరు. దీన్ని మాటలతో కప్పిపుచ్చలేం, సంపాదించుకోవాలి. ఉద్యోగం మానకుండానే ఆరునెలల నుంచి ఏడాది లోపల చేయగలిగినవి ఇవి.

మొదటిది, స్టాకు మార్కెట్లో నమోదైన ఆస్పత్రుల లెక్కలు చదవడం. అపోలో, నారాయణ, కిమ్స్ వంటివి మూడు నెలలకోసారి తమ ఫలితాలు ప్రకటిస్తాయి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మంచాల్లో ఎన్ని నిండాయి, రోగి సగటున ఎన్ని రోజులున్నాడు, నిండిన మంచానికి రోజుకు సగటు ఆదాయమెంత, ఈ మూడు అంకెలూ పట్టుకుంటే ఆస్పత్రి వ్యాపారం సగం అర్థమవుతుంది. రోగి రెండు రోజులు ముందే ఇంటికి వెళ్తే ఆస్పత్రికి లాభమా నష్టమా అన్న ప్రశ్నకు డాక్టరు కంటే బాగా జవాబు వెతకగలవారు లేరు.

రెండవది, ఎక్సెల్. వెయ్యి వరుసల పట్టికలోంచి కావలసింది తీయగలగాలి. పైన చెప్పిన నోటు పుస్తకం లెక్కలు ఎక్సెల్‌లోకి ఎక్కించడమే ఆ అమ్మాయికి మొదటి పాఠం.

మూడవది, తన వార్డులోనే ఒక చిన్న పని చేపట్టి, పై డాక్టరుగారి అనుమతితో ముందూ వెనకా కొలవడం. ఆస్పత్రికి నాణ్యత గుర్తింపు కోసం ఎన్‌ఏబీహెచ్ తనిఖీ జరుగుతుంటే ఆ కమిటీలో చేరడం. కాగితాల పని అని మిగతావారు తప్పించుకునే చోటే ఇలాంటి అనుభవం దొరుకుతుంది.

నాలుగవది, బీమా. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నగదు రహిత చికిత్సకు మొదటి అనుమతి గంటలోపల, డిశ్చార్జికి తుది అనుమతి మూడు గంటల్లోపల బీమా కంపెనీలు ఇవ్వాలి. మీ ఆస్పత్రిలో అది జరుగుతోందా? జరగకపోతే ఎక్కడ ఆగుతోంది? వారం రోజులు గమనించి రాసిపెట్టుకుంటే చాలు, ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడే సరుకు చేతికి వస్తుంది.

ఎంబీఏ చేయాలనుకునేవారికి దారులు చాలా ఉన్నాయి. ఎంబీబీఎస్ పట్టాతో క్యాట్ రాయవచ్చు. హైదరాబాదులో 2001లో మొదలైన ఐఎస్‌బీలో పనిచేసిన అనుభవం ఉన్నవారికి ఏడాది కోర్సు ఉంది, జీమ్యాట్ మార్కులు తీసుకుంటారు. ఆస్పత్రి నిర్వహణే ఇష్టమైతే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో ఆ చదువు ఉంది. ఏ దారి పట్టినా పైన చెప్పిన నాలుగూ ముందే చేసి ఉంటే అక్కడి దరఖాస్తుకూ అదే బలం.

ఇంకొక్కటి, అది మన పిల్లల దగ్గర మాత్రమే ఉన్న ఆస్తి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, బడిలో ఇంగ్లీషు, హిందీ. రోగితో వాడి భాషలో మాట్లాడి వైద్యం చేసిన డాక్టరు, రేపు నాలుగు రాష్ట్రాల ఆస్పత్రుల్లో సిబ్బందితో దుబాసీ లేకుండా మాట్లాడగలడు. దీన్ని చాలామంది రెజ్యూమెలో చివర "భాషలు" అని ముక్తసరిగా వదిలేస్తారు. ఏ భాషలో మాట్లాడగలరో, దేంట్లో చదవడం రాయడం వచ్చో విడివిడిగా, ఉన్నదున్నట్టు రాయండి. తెలుగు మాట్లాడటమే వచ్చి చదవడం రాకపోతే అదే రాయండి. వీలైతే ఈ సెలవుల్లో మన సంఘంవారి తెలుగు తరగతిలో చేరి ఆ లోటు తీర్చుకోండి!

రాయకూడనివి

రోగుల పేర్లు, గుర్తుపట్టగలిగే వివరాలు ఎంత గొప్ప కేసైనా రాయకూడదు. ఆస్పత్రి లోపలి ఆదాయ లెక్కలు అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. కన్సల్టింగులో రేపు ఇతరుల రహస్యాలు దాచవలసినవారు, ఇవాళ రెజ్యూమెలోనే ఒకరి రహస్యం చెబితే ఎవరు నమ్ముతారు? "నగరంలోని 200 పడకల ఆస్పత్రి" అంటే చాలు.

వైద్య పరిభాష తగ్గించాలి. అలాగని కన్సల్టింగువారి పరిభాష అరువు తెచ్చుకోనూ కూడదు. పదిమంది చేసిన పనిని ఒక్కరే చేసినట్టు రాయకూడదు, అందులో తన వంతు ఏమిటో రాయాలి. పీజీ ప్రవేశ పరీక్షకు చదువుతూ ఒక ఏడాది ఖాళీగా ఉంటే దాన్ని తేదీలు మార్చి దాచకూడదు. "నీట్ పీజీకి తయారీ" అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. మన దేశంలో డాక్టర్లకు అది మామూలే, చదివేవారికీ తెలుసు. బ్యాంకులో మాకు దరఖాస్తుదారు పాత అప్పు ఉందని చెబితే ఇబ్బంది ఉండేది కాదు. దాచాడని తెలిసినప్పుడే ఫైలు మూసేవాళ్లం.

ఎందుకు మారుతున్నారు?

రెజ్యూమెతోపాటు ఒక ఉత్తరం అడుగుతారు. ఇంటర్వ్యూలోనూ మొదటి ప్రశ్న ఇదే. "రాత్రి డ్యూటీలు చేయలేక", "పీజీ సీటు రాక" అన్నవి నిజమే కావచ్చు గాని అవి బయటికి వెళ్లడానికి కారణాలు, లోపలికి రావడానికి కావు. కన్సల్టింగులోనూ నిద్ర తక్కువే, ప్రయాణాలు ఎక్కువే. ఒక్కొక్క రోగికి మేలు చేయడంలో ఉన్న తృప్తి ఒకటి, వందమంది రోగులు వెళ్లే దారిని చక్కదిద్దడంలో ఉన్న తృప్తి ఇంకొకటి. రెండోది తనకు నిజంగా ఇష్టమా అని ముందు తనను తాను అడగాలి.

నాకు తెలిసిన రెండో పిల్లవాడి సంగతి అదే. పైన చెప్పిన ప్రశ్నలన్నీ వేసుకుని రెజ్యూమె రాయడం మొదలుపెట్టాడు. రాస్తున్నకొద్దీ తను ఇష్టంగా చెప్పుకుంటున్నవన్నీ రోగుల సంగతులే అని గమనించాడు. వైద్యం మీద విసుగు లేదు, ఆ ఆస్పత్రి మీదే విసుగు. ఉద్యోగం మారాడు, వృత్తి మారలేదు. ఇప్పుడు సంతోషంగా ఉన్నాడు. రెజ్యూమె ఇలాంటి మేలు కూడా చేస్తుంది.

రెండూ కలిపి నడిపినవారూ ఉన్నారు. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక, 58వ ఏట, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. శుక్లాల ఆపరేషన్లు ఎక్కువమందికి, తక్కువ ఖర్చుతో ఎలా చేయాలో ఆలోచించి ఒక పద్ధతి తయారుచేశారు. హార్వర్డ్ బిజినెస్ స్కూలులో ఆ ఆస్పత్రిని పాఠంగా చెబుతారు. వైద్యమూ నిర్వహణా సవతులు కావని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఇంటివారి లెక్కలు

రాజీనామా ఇచ్చేముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రభుత్వ కాలేజీలో చదివినవారు కోర్సులో చేరేటప్పుడు ఇచ్చిన బాండు పత్రం తీసి చదవండి. గ్రామీణ సేవ నిబంధనలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. అది తీరిందని రాతపూర్వకంగా తీసుకుని, అసలు సర్టిఫికెట్లు చేతికి తెచ్చుకోండి. మెడికల్ కౌన్సిలు రిజిస్ట్రేషను పునరుద్ధరణ గడువు ఎప్పటికీ దాటనివ్వకండి. తిరిగి రావలసివస్తే అదే తలుపు.

చదువు కోసం తీసుకున్న రుణం ఇంకా ఉంటే, దానిమీద ఎంబీఏకి మరో రుణం తీసుకునేముందు నెలకు మొత్తం వాయిదా ఎంతవుతుందో బ్రాంచిలో అడిగి కాగితం మీద రాయించుకోండి. మామూలుగా విద్యారుణానికి చదివే కాలం, ఆపైన ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు. కాని ఆ కాలంలో వడ్డీ పడుతూనే ఉంటుంది. కన్సల్టింగులో మొదటి ఉద్యోగానికి ఏడాది పట్టినా ఇల్లు గడవాలి. ఆ ఏడాది ఖర్చు చేతిలో ఉంచుకోకుండా ఉన్న ఉద్యోగం వదలవద్దని నా సలహా.

ఇక పెద్దవారికి ఒక మాట. మా హుబ్బళ్లి మిత్రుడు కూతురితో రెండు నెలలు సరిగా మాట్లాడలేదు. "అమ్మాయి డాక్టరండీ అని నలుగురిలో చెప్పుకున్నాను. ఇప్పుడేం చెప్పుకోమంటారు?" అని నన్నడిగారు. డిశ్చార్జీల పట్టిక ఆయన ముందు పెట్టాను. రైల్వేలో బండ్ల వేళలు చూసిన మనిషి ఆయన. బండి స్టేషన్లో ఎక్కడ ఆగిపోతుందో వెతికి పట్టుకోవడం ఆయనకు తెలిసిన విద్యే. ఆ అంకెలు పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, "ఇదంతా ఇది ఒక్కతే చేసిందా?" అన్నారు. ఆ తర్వాత అభ్యంతరం చెప్పలేదు, సంతోషించారని మాత్రం చెప్పలేను.

పెద్ద సంస్థలకు ఆ అమ్మాయి పెట్టిన మొదటి దరఖాస్తులకు జవాబే రాలేదు. ఆరునెలల తర్వాత ఆస్పత్రులకు సలహాలిచ్చే ఒక మధ్యతరహా సంస్థ పిలిచింది. మూడు ఇంటర్వ్యూలు జరిగాయి. రెండింటిలో సమస్య ఇచ్చి అక్కడికక్కడే విడదీసి చెప్పమన్నారు. మూడోదాంట్లో రెజ్యూమెలోని ప్రతి అంకెనూ ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. నోటు పుస్తకం వెంట తీసుకెళ్లింది. కిందటేడు బెంగుళూరులో చేరింది. జీతం మొదట్లో పీజీ చేసిన తోటివారి కంటే తక్కువే.

ఈ దారి అందరికీ సరిపడదు, సరిపడిన ప్రతివారికీ వెంటనే దొరకదు. కాని ఈ ప్రయత్నంలో చేసే పనేదీ వృథా కాదు. వార్డులో ఒక ఆలస్యాన్ని కొలిచి తగ్గించిన డాక్టరు, అక్కడే ఉండిపోయినా రోగులకు మేలే చేసినట్టు. అంచేత మారాలనుకునే పిల్లలకు నా సలహా ఒక్కటే. రెజ్యూమె రాయడానికి కంప్యూటరు ముందు కూర్చునే ముందు, ఒక నోటు పుస్తకం కొని రేపటి డ్యూటీకి జేబులో పెట్టుకెళ్లండి.

వచ్చే సంచికలో, ఉద్యోగరీత్యా రాష్ట్రం మారినప్పుడు పిల్లల బడి సర్టిఫికెట్లు, స్థానికత పత్రాల గురించి రాస్తాను. ఈ విషయంలో మీ అనుభవాలేమైనా ఉంటే సంఘం కార్యాలయానికి రాసి పంపవలసిందిగా మనవి.